లారీ డ్రైవరుకు విశ్రాంతి

మడికొండ మీదుగా పోవు హైదరాబాదు–వరంగల్లు మార్గమున లారీలు రేయింబవళ్లు సాగుచుండును. ట్రిప్పు లెక్కన కూలి ముట్టునప్పుడు నిద్ర మానినవానికే ఆదాయము హెచ్చు. అట్టి పనిలో ఎవరు కలకాలము నిలుతురు?

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము, ఐదుగురు లేక అంతకు మించి పనిచేయు సంస్థలలో దినమునకు 8 గంటల పనిని, వారమున కొక సెలవును విధించినది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి అమలులోనికి వచ్చినది. 8 గంటల పరిమితి, అదనపు పనికి రెట్టింపు వేతనము, నియామక పత్రము ఇందు కలవు. అయితే ఇది పదిమంది, ఆపైన పనిచేయు సంస్థలకే వర్తించును. ఒకటి రెండు లారీల యజమాని వద్ద చేరినవారికి సాధారణముగా ఈ స్మృతి క్రింద రక్షణ లేదు.

కావున పంచాయతీ సభ్యులను మేము కోరునది ఇది: పనికి బయలుదేరు యువకునకు, జీతమును విశ్రాంతిని ముందే వ్రాతపూర్వకముగా అడుగుమని తెలుపుడు. ఒంటరిగా అడిగినదానికంటె సంఘముగా అడిగినదానికి బలము హెచ్చు.