మీ బ్లాకు బయట లైటు వెలగట్లేదా? ఎవరికి చెప్పాలంటే...

రాత్రి పని ముగించుకుని వచ్చే ఆడపిల్ల కాలనీ గేటు నుంచి మీ మెట్ల దాకా చీకట్లో నడవాల్సి వస్తోందా? ఫిర్యాదు చేసే ముందు ఆ లైటు ఎవరిదో చూడండి.

టిడ్కో కాలనీ రోడ్డు మీద స్తంభాల లైట్లు మున్సిపాలిటీవి. జి ప్లస్ 3 బ్లాకు లోపల మెట్లు, వరండా లైట్లు మాత్రం అందులో ఉండేవాళ్లవి. బల్బు, కరెంటు బిల్లు మీ సంఘమే చూసుకోవాలి. పేరాల ఉన్న చీరాల మున్సిపాలిటీ అయినా, బాపట్ల, రేపల్లె అయినా ఇంతే.

వీధి లైటైతే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పండి. "లైటు వెలగట్లేదు" అంటే చాలదు. స్తంభం నంబరు, పక్క బ్లాకు నంబరు రాసివ్వండి. ఒక్కటే ఆరిందా, వరుసంతా ఆరిందా? ఒక్కటైతే ఫిట్టింగు పోయి ఉండొచ్చు, వరుసంతా అయితే స్విచ్ బాక్సులోనో లైన్లోనో లోపం. వచ్చే మనిషి ఏ సామాను తేవాలో దీన్నిబట్టే తేలుతుంది. రసీదు తప్పక అడగండి. పని జరగకపోతే 1100కి ఫోన్ చేయండి, లేదా సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇవ్వండి.

మొహమాటం వద్దు. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం ఆస్తి పన్నులోనే దీపాల పన్నునూ చేర్చింది. (పన్నులు మోయలేక 1921లో ఊరే ఖాళీ చేసిన పేరాలకు పన్ను సంగతి మేం చెప్పాలా!)

వైరు తెగి వేలాడుతుంటే మాత్రం సచివాలయం తెరిచేదాకా ఆగకండి. పిల్లల్ని దూరంగా ఉంచి వెంటనే 1912కి ఫోన్ చేయండి. సముద్రపు గాలికి ఇనుప బాక్సులు తొందరగా తుప్పు పడతాయి. వానలో స్తంభాన్ని ముట్టుకోవద్దు, దానికి బట్టల తీగ అసలే కట్టొద్దు.