ఏ ఇంటి శుభ్రత ఆ ఇంటిది

ఇంటి శుభ్రతకు అందరూ ఒప్పుకునే కొలత ఒకటంటూ లేదు. పొద్దున, సాయంత్రం ఊడ్చి తడిగుడ్డ పెడితే తప్ప మనసు కుదుటపడని కుటుంబాలున్నాయి. రెండు రోజులకోసారి ఊడిస్తే చాలనుకునే కుటుంబాలూ ఉన్నాయి. ఒక ఇంట్లో ఉతికిన బట్టలు మంచం మీద కుప్పగా పడి ఉన్నా ఎవరూ పట్టించుకోరు. కానీ బయట తిరిగొచ్చిన కాళ్ళతో వంటింట్లోకి అడుగు పెడితే ఊరుకోరు. ఇంకో ఇంట్లో సోఫా మీద దిండు పక్కకు జరిగినా వెంటనే సర్దుతారు, గిన్నెలు తుడిచే గుడ్డను మాత్రం వారమైనా ఉతకరు. రెండిళ్ళవాళ్ళూ తమ ఇల్లే శుభ్రమనుకుంటారు. అత్తాకోడళ్ళ మధ్య, కొత్తగా కాపురం పెట్టిన భార్యాభర్తల మధ్య, హాస్టల్లో ఒకే గదిని పంచుకునే స్నేహితుల మధ్య వచ్చే పేచీల్లో చాలావాటికి ఈ తేడాయే మూలం. ఎవరి కొలత ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే సగం పేచీలు తీరతాయి.

శుచి, శుభ్రత, పొందిక

ఇల్లు బాగుందో లేదో చూసేటప్పుడు మనుషులు మూడు వేర్వేరు విషయాలను కలగలిపి చూస్తారు. మొదటిది శుచి. ఇది ఆచారానికి సంబంధించినది. మడి, మైల, ఎంగిలి, అంటు అన్నీ దీని కిందికి వస్తాయి. మడి పాటించే ఇళ్ళలో తడిపిన బట్టను ఎవరూ ముట్టకుండా ఎత్తున దండెం మీద ఆరేసి, మర్నాడు కర్రతో తీసి కట్టుకుని వంట మొదలుపెడతారు. ఆ బట్ట ఎంత తెల్లగా ఉన్నా మడిలో లేనివాళ్ళ చెయ్యి తగిలితే ఇక పనికిరాదు. రెండోది శుభ్రత, అంటే రోగాలు రాకుండా చూసుకోవడం. మూడోది పొందిక. ఎక్కడి వస్తువు అక్కడ ఉండటం, ఇల్లు కంటికి ఇంపుగా కనిపించడం దీని పరిధి.

ఈ మూడూ ఒక్కోసారి కలిసే నడుస్తాయి. మంచినీళ్ళ బిందెలో ఎంగిలి గ్లాసు ముంచకూడదన్నది ఆచారంగా వచ్చిన నియమమే అయినా ఆరోగ్యానికీ మేలు చేస్తుంది. చెప్పులు వాకిట్లో విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం కూడా అలాంటిదే. అయితే ఒకదానికొకటి ఎదురు తిరిగే సందర్భాలూ తక్కువేమీ కాదు. ఉత్తర భారత గ్రామాల్లో మరుగుదొడ్ల వాడకాన్ని పరిశీలించిన డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017లో వెలువరించిన ‘వేర్ ఇండియా గోస్’ పుస్తకంలో ఈ సంగతిని వివరంగా చర్చించారు. ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి ఉంటే ఇల్లు మైలపడుతుందని, పొలం వైపు వెళ్ళి రావడమే మేలని అక్కడ చాలామంది నమ్మడం వారు గమనించారు. శుచి లెక్కలో ఒప్పైన ఆ పనే శుభ్రత లెక్కలో పసిపిల్లలకు విరేచనాలు, నులిపురుగులు తెచ్చిపెడుతుంది.

కంటికి కనబడని మురికి

పొందికగా ఉన్నదంతా శుభ్రమైనది కాదు. 1847లో వియన్నాలోని ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు ఈ విషయాన్ని నిరూపించాడు. శవపరీక్ష చేసి నేరుగా పురుడు పోయడానికి వచ్చే వైద్యుల చేతులు చూడటానికి శుభ్రంగానే ఉండేవి. బాలింతలు జ్వరంతో చనిపోవడానికి ఆ చేతులే కారణమని గ్రహించి, క్లోరిన్ కలిసిన సున్నపు నీటితో కడుక్కున్నాకే లోపలికి రావాలని ఆయన కట్టడి చేశాడు. నూటికి పది దాకా ఉన్న మరణాలు రెండు దాకా తగ్గిపోయాయి.

ఇంట్లో ఈ పాఠం అన్నిటికంటే ఎక్కువగా వర్తించే చోటు వంటగది. 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు ఇళ్ళలో వాడిన 14 వంటింటి స్పాంజీలను పరీక్షించి, వాటిలో 362 రకాల బ్యాక్టీరియా ఆనవాళ్ళు కనుగొన్నారు. అన్నీ రోగకారకాలు కావు గానీ, అవి అంతగా పెరగడానికి కావలసిన తడి, వెచ్చదనం, ఆహారపు తునకలు మూడూ స్పాంజీలో దొరుకుతాయి. తెలుగిళ్ళలోని మసిగుడ్డ పరిస్థితి కూడా ఇదే. గట్టు తుడిచేది, పొయ్యి మీది గిన్నె దించేది, చేతులు తుడుచుకునేది, కడిగిన కంచాలు తుడిచేది అదే గుడ్డ. రాత్రి దాన్ని ముద్దగా సింకు పక్కన పడేస్తే తెల్లారేసరికి ముక్క వాసన కొడుతుంది. ఆ వాసనే సూక్ష్మజీవులు పెరిగాయనడానికి గుర్తు. గట్టుకు ఒక గుడ్డ, కంచాలకు ఒక గుడ్డ విడిగా పెట్టుకుని, రోజూ ఉతికి ఎండలో ఆరేస్తే ఈ సమస్య చాలావరకు పోతుంది.

డెంగీ దోమ ఇంకో ఉదాహరణ. ఏడిస్ ఈజిప్టై దోమ మురికి కాలువల కంటే ఇంట్లో నిల్వ ఉన్న తేటనీటినే ఎక్కువగా ఎంచుకుంటుంది. మనీప్లాంటు కుండీ కింది పళ్ళెం, కూలరు అడుగు, ఫ్రిజ్ వెనక నీళ్ళు చేరే తొట్టి దానికి చాలు. గుడ్డు రెక్కల దోమగా మారడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆరోగ్య సిబ్బంది శుక్రవారం ‘డ్రై డే’ పాటించమని, వారానికోసారి నీళ్ళ పాత్రలన్నీ ఖాళీ చేయమని చెప్పేది ఇందుకే. నీళ్ళు పారబోసినంత మాత్రాన పని పూర్తికాదు. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడలకు అతుక్కుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి. పీచుతో గట్టిగా రుద్ది కడిగితేనే అవి పోతాయి. గచ్చు అద్దంలా మెరిసే ఇంట్లో కూడా ఆ చిన్న పళ్ళెం నుంచి జ్వరం రావచ్చు.

ఫినాయిల్ వాసన వస్తే ఇల్లు శుభ్రమైపోయిందనుకోవడం కూడా సరికాదు. మట్టి, జిడ్డు ముందు వదలగొట్టకపోతే క్రిమిసంహారకాలు సరిగా పనిచేయవు. ఘాటు ఎక్కువైతే మంచిదని బ్లీచింగ్ పౌడరునూ యాసిడ్ ఉన్న బాత్రూమ్ క్లీనరునూ కలిపితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. తలుపులు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

కొలతలు ఎలా పుడతాయి

శుభ్రత అలవాట్లకు చాలావరకు బతుకుతెరువు, వాతావరణం, నీరు, ఇంటి నిర్మాణం కారణాలు. 16, 17 శతాబ్దాల్లో హాలండ్‌కు వెళ్ళిన యాత్రికులు అక్కడి ఇళ్ళ శుభ్రతను చూసి ఆశ్చర్యపోయి రాసుకున్నారు. దీనికి మతనిష్ఠ కారణమని కొందరు చెబుతూ వచ్చారు. బాస్ వాన్ బావెల్, ఆస్కార్ గెల్డర్‌బ్లోమ్ అనే చరిత్రకారులు 2009లో మరో కారణం చూపారు. అక్కడ ఎన్నో కుటుంబాలు అమ్మకానికి వెన్న, జున్ను తయారుచేసేవి. పాత్ర, చెయ్యి, నేల ఏది మురికిగా ఉన్నా సరుకు పాడై రాబడి పోతుంది. పాడి నేర్పిన ఆ జాగ్రత్త క్రమంగా ఇల్లంతా పాకిందని వారి వాదన. పాడి ఉన్న తెలుగిళ్ళకు ఇది తెలియని సంగతి కాదు. పాలకుండ సరిగా కడగకపోతే పాలు విరిగిపోతాయి. అందుకే మిగతా ఇల్లు ఎలా ఉన్నా ఆ కుండను మాత్రం వేడినీళ్ళతో తోమి ఎండలో బోర్లిస్తారు.

మట్టి ఇళ్ళ కాలంలో పేడతో అలకడం, వాకిట్లో కల్లాపి చల్లడం దుమ్ము లేవకుండా చేసే పనులు. గచ్చు, టైల్సు వచ్చాక ఆ పని తడిగుడ్డకు మారింది. నేల మీద కూర్చుని తినే, నేల మీదే చాప వేసుకుని పడుకునే ఇంట్లో చెప్పులతో తిరగడం ఊహకు కూడా అందదు. జపాన్‌లోనూ అంతే. గుమ్మం దగ్గర కాస్త పల్లంగా ఉండే ‘గెన్‌కాన్’ అనే చోట చెప్పులు విడిచాకే లోపలికి వెళతారు. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే బస్తీలో రోజూ ఇల్లు కడగలేదని ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అక్కడ ఆ నీళ్ళు తాగడానికి, వంటకు, చేతులు కడుక్కోవడానికే ముందు వాడుకోవాలి.

ఏడాదికోసారి ఇల్లంతా దులిపే ఆచారం మాత్రం చాలా సమాజాల్లో ఉంది. సంక్రాంతికి ముందు తెలుగిళ్ళలో బూజులు దులిపి, అటక మీది సామాను దించి, గోడలకు సున్నం వేస్తారు. ఇరాన్‌లో నౌరూజ్‌కు ముందు, జపాన్‌లో డిసెంబరు చివర్లో ఇలాంటి పనే సాగుతుంది.

పని ఎవరిది?

కొలత పెరిగినప్పుడల్లా ఎవరో ఒకరికి పని పెరుగుతుంది. భారత ప్రభుత్వ జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టినవారే మహిళల్లో నూటికి 81 మంది, పురుషుల్లో 26 మంది.

యంత్రాలు ఈ భారాన్ని తీర్చేస్తాయని అందరూ ఆశించారు. అమెరికా ఇళ్ళను పరిశీలించిన చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ పుస్తకంలో అలా జరగలేదని చూపారు. చాకిరీలో శ్రమ తగ్గింది గానీ, వాషింగ్ మెషీన్ వచ్చాక బట్టలు తరచుగా ఉతకడం మామూలైంది. ఒకప్పుడు ఇతరులు పంచుకున్న పనులు కూడా ఇల్లాలి ఒక్కదాని మీదికి వచ్చాయి.

మగవాళ్ళ కంటికి మురికి ఆనదని చెప్పే మాట కూడా పరీక్షకు నిలవలేదు. అమెరికాలో సారా తెబో బృందం ఒకే గది ఫోటోలను కొందరికి మగవాడి గదిగా, కొందరికి ఆడమనిషి గదిగా చూపించింది. గది ఎంత చిందరవందరగా ఉందో స్త్రీ పురుషులు దాదాపు ఒకేలా అంచనా వేశారు. అయితే చక్కగా సర్దిన గది ఆడమనిషిదని చెప్పినప్పుడు దానికి తక్కువ మార్కులు వేశారు. ఇల్లు బాగాలేకపోతే మాట పడేది ఆమే కాబట్టి, ఆమె కొలత ఎత్తుగా ఉండటం సహజం.

ఈ తేడా ఇంట్లో ఎలా స్థిరపడుతుందో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జెస్ ఆల్బర్ట్స్, సారా ట్రేసీ, ఏంజెలా ట్రెథ్‌వే వివరించారు. సింకులో రెండు గిన్నెలు కనిపిస్తేనే ఒకరికి తోచదు. మరొకరికి సింకు నిండేదాకా పట్టదు. ముందు తోచనివారే ప్రతిసారీ లేచి తోముతారు. కొన్నాళ్ళకు ఆ పని వాళ్ళదేనని ఇద్దరూ అనుకోవడం మొదలుపెడతారు. రెండోవారి ఓపిక హద్దు ఎక్కడుందో ఎప్పటికీ బయటపడదు, చేసినవారికి కృతజ్ఞత కూడా దక్కదు.

గుమ్మం దాటాక

ఇల్లు తళతళలాడుతూ, ఊడ్చిన చెత్త మాత్రం వీధిలోకి పోవడం ఈ దేశంలో పాత జబ్బు. శుచి కొలత ఇంటి హద్దు దగ్గర ఆగిపోవడం ఒక కారణం. బయటి మురికిని ఎత్తే పనిని కొన్ని కులాలకు అంటగట్టి, వారినే అంటరానివారన్న అన్యాయం అంతకంటే పెద్ద కారణం. చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా చట్టాలు నిషేధించాయి. అయినా ఇల్లంతా తుడిచే పనిమనిషికి విడిగా గ్లాసు పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆమె చేతులతో శుభ్రమైన ఇల్లు ఆమె తాగిన గ్లాసుతో మైలపడదు. ఆ ఆచారానికి ఆరోగ్యశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.

అందరిదీ అయిన స్థలాన్ని అందరూ చూసుకునే పద్ధతికి జర్మనీలోని స్ట్యుట్‌గార్ట్ ప్రాంతం మంచి ఉదాహరణ. ఒకే భవనంలో ఉండే కుటుంబాలు వారానికొకటి చొప్పున మెట్లు, వసారా ఊడుస్తాయి. వంతు వచ్చిన ఇంటి తలుపుకు చిన్న పలక వేలాడుతుంది. నగర నిబంధనగా దీన్ని 1988లో తొలగించినా, అద్దె ఒప్పందాల్లో ఇంకా కొనసాగుతోంది. మెట్ల మీద ఎంత దుమ్ము ఉంటే ఊడవాలన్న వాదనకు అక్కడ తావు లేదు, ఏ వారం ఎవరిదో ముందే తేలిపోయి ఉంటుంది కాబట్టి.

ఏది తప్పనిసరి, ఏది ఇష్టం

ఇంట్లో అందరూ పాటించి తీరాల్సినవి కొన్నే ఉన్నాయి. వంటకు ముందు, మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, తాగేనీటిపై మూత, పచ్చి మాంసం కోసిన పీటను వెంటనే కడగడం, మరుగుదొడ్డి శుభ్రం, తడిచెత్తను ఏరోజుకారోజు బయటికి పంపడం, నీరు నిల్వ లేకుండా చూడటం. ఆస్తమా ఉన్నవాళ్ళుంటే పరుపు, దిండు గలీబుల దుమ్ము కూడా ఈ జాబితాలో చేరుతుంది. వీటిలో రాజీ పడితే జబ్బు వస్తుంది.

మిగిలినవన్నీ ఇష్టానికి, వీలుకు సంబంధించినవి. మడతపెట్టని దుప్పటి, టీపాయ్ మీది పేపర్లు, పిల్లలు పరిచిన ఆటబొమ్మలు ఎవరికీ హాని చేయవు. ఇలాంటి చోట్ల కుటుంబమంతా కూర్చుని కనీస హద్దు ఒకటి పెట్టుకోవడం మంచిది. హాలు అందరి కొలతకూ తగ్గట్టు, ఎవరి అలమర వారి ఇష్టానికి అని విడగొట్టుకోవచ్చు. ‘నువ్వు కూడా కాస్త సాయం చెయ్యి’ అని అప్పటికప్పుడు అడగడం కంటే, బాత్రూమ్ ఒకరిది, అంట్లు ఒకరివి అని పూర్తిగా అప్పగిస్తే ముందు ఎవరి కంట పడిందన్న ప్రశ్నే రాదు. అప్పగించాక వాళ్ళ పద్ధతిలో చేయనివ్వాలి. తప్పనిసరి జాబితా నెరవేరుతున్నంతవరకు వంకలు పెట్టకూడదు.

రెండు కొసల్లోనూ వైద్యం అవసరమైన స్థితులుంటాయి. చర్మం పగిలేదాకా చేతులు కడుగుతూ, మానాలనుకున్నా మానలేకపోతే అది అతిశుభ్రం కాదు, ఓసీడీ అనే జబ్బు కావచ్చు. పనికిరాని వస్తువులను కూడా పారేయలేక, ఇంట్లో నడిచే దారి మూసుకుపోయేలా పోగేయడాన్ని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. ఇలాంటివారిని చాదస్తులని, సోమరులని ఆడిపోసుకుంటే ఉపయోగం లేదు. మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాలి. రెంటికీ చికిత్స ఉంది.