సైనికుని తుది పరీక్ష

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మొగుళ్లపల్లి ప్రత్తి, మిరప, వరి పండించు రైతుల మండలము. అచ్చటి త్రోవలమీదను, చుట్టుప్రక్కల పల్లెల బాటలమీదను తెల్లవారకమునుపే పరుగిడు యువకులు కనబడుచుందురు. వారిలో కొందరు పోలీసు కొలువు కోరువారు; మరికొందరు సైన్యమున చేర నెంచినవారు. సైన్యమును కోరినవాని మనస్సులో ఎల్లప్పుడు ఒకే లెక్క మెదలుచుండును: దూరము 1.6 కిలోమీటర్లు, కాలము 5 నిమిషముల 30 సెకన్లు. ఆ కాలములోపల పరుగు ముగించినవానికి 60 మార్కులు. ఇనుప కమ్మిని పట్టుకొని, గడ్డము కమ్మికి పైగా వచ్చునట్లు పదిమారులు దేహము నెత్తగలిగినచో మరి 40 మార్కులు. పిమ్మట 9 అడుగుల గుంతను దుమికి దాటవలెను. వంకరటింకర దూలముమీద తూలక నడువవలెను. 2025 నవంబరులో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ మైదానమున జరిగిన నియామక పరీక్షలకు, వ్రాతపరీక్షలో నెగ్గిన యువకులు తెలంగాణము నలుమూలలనుండి వచ్చిరి.

ఎంపికయైన కుమారుని జూచి తల్లిదండ్రులు పొంగిపోవుదురు. ఊరివారు పూలమాల వేయుదురు. ఆ సంతోషము న్యాయమైనదే. కాని సైన్యము దృష్టిలో అది వాకిలి మాత్రమే. మైదానములో అయిదున్నర నిమిషములు పరుగెత్తినవాడు ఆరోగ్యవంతుడని తెలియునే గాని, సైనికుడని తెలియదు. ఆ సంగతి తేల్చు పరీక్ష మరి కొన్ని నెలలకు, మరియొక చోట జరుగును.

అట్టి చోటులలో ఒకటి మన హైదరాబాదు నగరమునందే యున్నది. గోల్కొండ కోట పరిసరములలో భారత సైన్యమువారి ఫిరంగిదళ శిక్షణ కేంద్రము, అనగా ఆర్టిలరీ సెంటరు, 1962లో ఏర్పడినది. దేశము నలుమూలలనుండి వచ్చిన యువకులు ఇచ్చట ఫిరంగిదళ సైనికులుగా తయారగుదురు. ఆ కోటకును ఫిరంగులకును పాత పరిచయము కలదు. 1687లో ఔరంగజేబు సైన్యము దీనిని ఎనిమిది నెలలు ముట్టడించెను. ఆనాటి ఫతే రహబర్ అను పెద్ద ఫిరంగి పెట్లబురుజుపై నేటికిని చూడవచ్చును. అంత ఫిరంగికిని గోడలు లొంగలేదు. లోపలి మనిషి యొకడు లొంగి, రాత్రివేళ తలుపు తెరచెను. రాతికోటకంటె మనిషి గట్టితనమే ముఖ్యమని చెప్పుటకు శిక్షకులు దూరము పోనక్కరలేదు.

2022 జూన్‌లో ప్రకటింపబడిన అగ్నిపథ్ విధానము ననుసరించి మొదటి అగ్నివీరులకు 2023 జనవరిలో ఇచ్చట శిక్షణ ఆరంభమైనది. వారి శిక్షణ 31 వారములు. అందు మొదటి 10 వారములు ప్రతి సైనికుడును నేర్వవలసిన మూలవిద్యలకును, తక్కిన 21 వారములు ఫిరంగిదళపు పనులకును కేటాయింపబడినవి.

క్రొత్తగా చేరినవానిని సైన్యములో రంగరూటు అందురు. శిక్షకుని ఉస్తాద్ అని పిలువవలెను. తెల్లవారకముందే లేచుట, పడక మడచుట, పి.టి., కవాతు, తుపాకి విప్పి తుడిచి మరల కూర్చుట, పాఠములు, ఆటలు, సాయంకాలము హాజరు. ఇట్లు దినమంతయు గడియారపు ముల్లుతో నడచును. తెలుగు పల్లెనుండి వచ్చినవానికి మరియొక కష్టము కలదు. ఆజ్ఞలన్నియు హిందీలో నుండును. 'సావధాన్', 'విశ్రామ్' అను మాటలు రెండు దినములలో వచ్చును. కాని ఉస్తాద్ వేగముగా చెప్పిన వాక్యము అర్థము గాక, ప్రక్కవానిని జూచి చేయువాడు ఎప్పుడును ఒక క్షణము వెనుకబడును. కవాతులో ఆ ఒక్క క్షణము దూరమునుండియే కనబడును. కావున దేహముతోపాటు చెవికిని శిక్షణ కావలెను.

శిక్షణ సాగినకొలది బరువు పెరుగును, దూరము పెరుగును. మొదట ఖాళీ చేతులతో పరుగు, తరువాత బూట్లతో, తరువాత చేత తుపాకి, వీపున పిట్ఠూ. పిట్ఠూ యనగా సైనికుడు తన సామానంతయు కట్టుకొని మోయు మూట. దానిని సరిగా బిగింపనివాని వీపు ఒరసికొని పోవును. మేజోడు ముడుతపడినచో పాదమున బొబ్బలేచును. పెద్ద పెద్ద దండయాత్రలు ఆగిపోయినది శత్రువువలన గాక బొబ్బలవలన అని సైనికులు పరిహాసముగా చెప్పుకొందురు గాని, పరిహాసములో కొంత నిజము లేకపోలేదు.

కడపట వచ్చునది తుది పరీక్షల కాలము. భారత సైన్యములో చిరకాలము అమలున నుండిన పరీక్షను సైనికులు బి.పి.ఇ.టి. అని పిలిచెడివారు, యుద్ధమునకు కావలసిన దేహదారుఢ్యమును కొలుచు పరీక్ష యని దాని భావము. పరీక్షాంశములును, కాలపరిమితులును ఎప్పటికప్పుడు సవరింపబడుచుండును గాని, దాని స్వభావము తెలిసికొనుట మంచిది. తుపాకితోను, వీపుమూటతోను 5 కిలోమీటర్లు పరుగెత్తవలెను. యువకునికి 25 నిమిషములైనచో ఉత్తమము, 26న్నర నిమిషములైనచో మధ్యమము, 28 నిమిషములు కడపటి హద్దు. ఇదిగాక 60 మీటర్ల వడిపరుగు, నిలువు త్రాటిని ఎక్కుట, అడ్డముగా కట్టిన త్రాటిని పట్టి పాకుట, 9 అడుగుల గుంత దాటుట.

ఇచ్చట లెక్క వేసి చూచినచో ఒక వింత కనబడును. నియామకపు పరుగులో కిలోమీటరుకు దాదాపు 3 నిమిషముల 26 సెకన్లు. తుది పరీక్షలో ఉత్తమునికైనను కిలోమీటరుకు 5 నిమిషములు. వేగము తగ్గినదే గాని పెరుగలేదు! అయినను ఊరిలో అందరికంటె ముందు పరుగెత్తిన కుర్రవాడే ఇచ్చట కొన్నిమారులు వెనుకబడును. కారణమేమనగా, వాడు మొదటి కిలోమీటరును పాత అలవాటుచొప్పున దూకుడుగా ముగించును. మూడవ కిలోమీటరునకు మూట బరువు రెట్టింపైనట్లు తోచును. నాలుగవదానిలో కాళ్లు మాట వినవు. తన బలమును అయిదు భాగములు చేసి, అయిదు కిలోమీటర్లకును పంచుకొన్నవాడు నెమ్మదిగా వానిని దాటిపోవును. త్రాటి సంగతియు నట్టిదే. చేతిబలమును నమ్మి ఎగబ్రాకువాడు సగము ఎత్తున జారిపోవును. తెలిసినవాడు త్రాటిని పాదములనడుమ బిగించి, కాళ్లతో తన్నుకొని పైకి లేచును. చేతులు పట్టుకొని యుండుటకు మాత్రమే. తాటిచెట్టెక్కు గౌడన్నను జూచిన తెలంగాణపు పిల్లవానికి ఈ రహస్యము వేరుగా చెప్పనక్కరలేదు. గౌడన్న మోకును ముత్తాదును నమ్మి, కాళ్లతోనే కదా చెట్టెక్కుచున్నాడు.

కాని గడియారము చూపునది ఒకటి, ఉస్తాద్ కనిపెట్టునది మరియొకటి. శిబిరములలో రంగరూట్లు జట్టుగా నడుతురు, గోతులు త్రవ్వుదురు, చాలని నిద్రతో మరల లేచి నడుతురు. అట్టి వేళ తన నీళ్లసీసా ఖాళీ చేసికొని ప్రక్కవానిని అడుగువాడెవడు? కుంటుచున్నవాని తుపాకిని తన భుజమున వేసికొన్నవాడెవడు? అలసినప్పుడు తుపాకిని నేలమీద ఈడ్చినవాడెవడు? పూర్తి బలముతో నున్నప్పుడు అందరును మంచివారే. బలము తరిగినపిమ్మట మనిషిలో మిగులునదేదియో, దానినే ఈ పరీక్ష వెదకును. జట్టు వేగమనగా ముందువాని వేగము గాదు, కడపటివాని వేగము. ఈ మాట మొదట చురుకైనవానికి కోపము తెప్పించును. శిక్షణ ముగియునప్పటికి వాడే వెనుకకు తిరిగి చూచుచుండును.

ఇతర దేశములందును ఇట్టి పరీక్షలు కలవు. అమెరికాలోని మెరీన్ దళమునకు జనరల్ చార్లెస్ క్రులాక్ అధిపతిగా నున్న కాలమున, 1996లో, 'క్రూసిబుల్' అను తుది పరీక్ష ఏర్పడినది. ఆ మాటకు కంసాలి బంగారము కరిగించు మూస యని అర్థము. అది 54 గంటలు సాగును. దాదాపు 72 కిలోమీటర్ల నడక, కొలతగా ఇచ్చిన కొద్దిపాటి ఆహారము, కొన్ని గంటల నిద్ర. ఒంటరిగా ఎవడును చేయలేని పనులను కావలెననియే నడుమ నడుమ పెట్టుదురు. మూడవనాటి ఉదయమున కడపటి నడక ముగించినవారికి ఆ దళపు చిహ్నము చేతికిత్తురు.

ఫిరంగిదళమువానికి ఇంతటి ఓర్పు ఏల? ఫిరంగి శత్రువునకు మైళ్ల దూరమున నుండును గదా యని కొందరందురు. 1999లో కార్గిల్ యుద్ధమునందు ద్రాస్ కొండలలో జరిగినది వారు తెలిసికొనవలెను. తోలోలింగ్ మొదలగు శిఖరములను తిరిగి గెలుచుటకు పదాతిదళము ఎక్కుచుండగా, క్రిందనుండి బోఫోర్స్ ఫిరంగులు ఎడతెగక కాల్చెను. ఆ ఫిరంగి గుండు ఒక్కొక్కటి 43 కిలోలకు తక్కువ గాదు. ఇంచుమించు సిమెంటు బస్తాకు సమీపపు బరువు. గాలి పలుచనైన ఎత్తులలో, శత్రువు గుండ్లు తమమీద పడుచుండగా, అట్టి గుండ్లను బండ్లనుండి దింపి, ఫిరంగికడకు చేర్చి, రాత్రియు పగలును కాల్చుచుండవలసివచ్చెను. అలసట వచ్చినదని ఒక్కడు చేయి దించినచో ఫిరంగి వేగము తగ్గును. పైన ఎక్కుచున్న సైనికునికి అండ తగ్గును. గురి కూర్చువాడు మగతలో ఒక అంకె తప్పు పెట్టినచో గుండు తనవారిమీదనే పడవచ్చును. ఆ యుద్ధములో ఫిరంగిదళము చేసిన పనికి గుర్తుగా 2022 జూలైలో ద్రాస్‌లోని 5140 అను శిఖరమునకు 'గన్ హిల్' అని పేరు పెట్టిరి.

ఇంత చెప్పినపిమ్మట ఓర్పునకును మొండితనమునకును గల భేదమును చెప్పకపోవుట తప్పగును. ఎండలో బరువుతో పరుగెత్తువాని దేహములో పుట్టిన వేడి చెమటద్వారా బయటికి పోవలెను. నీరు చాలకపోయినను, గాలిలో తేమ మిక్కుటమైనను ఆ వేడి లోననే నిలుచును. దేహపు వేడిమి 40 డిగ్రీలు దాటినచో వడదెబ్బ. మాట తడబడును, అడుగు తూలును, ఒక్కొక్కప్పుడు స్పృహ తప్పును. అప్పుడు వానిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, చల్లని నీటితో దేహమంతయు తడిపి, వైద్యునికడకు కొనిపోవలెను. ఆలస్యమైనచో ప్రాణమునకే ముప్పు. మితిమీరిన శ్రమచే కండరములు చితికి, మూత్రము నల్లబారి, మూత్రపిండములు చెడుటయు కలదు. కావుననే మంచి శిక్షకుడు శ్రమను మెట్లుమెట్లుగా పెంచును. వైద్యుని మాటకు ఎదురాడడు. ఎవరి పర్యవేక్షణయు లేక, నడివేసవిలో ఇసుకబస్తా వీపున కట్టుకొని ఒంటరిగా పరుగెత్తు కుర్రవాడు శౌర్యము చూపుటలేదు. తన దేహముతో జూదమాడుచున్నాడు.

పరీక్షలో తప్పినవానిని వెంటనే ఇంటికి పంపుట సాధారణముగా జరుగదు. వానిని తరువాతి జట్టులో చేర్చుదురు. సైనికుల భాషలో దీనిని రెలిగేషన్ అందురు. తనతో కూడ వచ్చినవారు ముందుకు పోవుచుండగా, క్రొత్త ముఖముల నడుమ పాత పాఠమును మరల మొదలుపెట్టుట వానికి పరుగుకంటె కష్టము. ఇంటికి ఫోనులో ఏమి చెప్పవలెనో తోచక మాట దాటవేయువారును కలరు. అట్లు వెనుకబడి, రెండవమారు నిలిచి నెగ్గినవారు మంచి సైనికులగుదురని అనుభవజ్ఞులైన ఉస్తాద్‌లు చెప్పుదురు.

నెగ్గినవారికి కసమ్ పెరేడ్, అనగా ప్రమాణ కవాతు. పదాతిదళములవారికి పతాక మెట్టిదో ఫిరంగిదళమువారికి ఫిరంగి అట్టిది. వారు ఫిరంగులకే పతాకగౌరవ మిత్తురు. రంగరూట్లు తమ తమ మతగ్రంథముల యెదుటను, జాతీయపతాకము నెదుటను ప్రమాణము చేయుదురు. ఆనాడు వచ్చిన తల్లిదండ్రులకు 'గౌరవ్ పదక్' అను పతకమును అలంకరించు ఆచారము ఏర్పడినది. ఎన్నడును హైదరాబాదు చూడని తల్లి యొకతె, కుమారుని వరుసలో పోల్చుకొనలేక, అందరును ఒక్కతీరుగనే యున్నారేమని ప్రక్కవారి నడుగుట అచ్చట వింత గాదు.

అగ్నివీరునికి ఆనాటితో లెక్కలు ముగియవు. వాని కొలువు శిక్షణకాలముతో కలిపి నాలుగు సంవత్సరములు. పిమ్మట జట్టులో నూటికి 25 మందికి మించకుండ స్థిరమైన కొలువునకు ఎన్నుకొందురు. తక్కినవారు సేవానిధి సొమ్ముతో ఇంటికి తిరిగి రావలెను. కావున ప్రమాణము చేసినవాడు ఆ విషయము నెరిగియే చేయును. కొలదిదినముల సెలవు ముగియగానే, క్రొత్తగా కేటాయించిన దళము ఏ సరిహద్దున నున్నదో ఆ దిక్కునకు పోవు రైలెక్కును. పిట్ఠూ మాత్రము అదే. దానిని బిగించు పద్ధతి ఇప్పుడు వానికి చేతివాటముగా వచ్చును.