క్రిందికి దిగిన తీగ - బాధ్యత ఎవరిది?

గత వేసవిలో మా కళాశాల వెనుకనున్న వీధిని పోవుచున్న వరిగడ్డి ట్రాక్టరొకటి, వీధికి అడ్డముగా వ్రేలాడుచున్న విద్యుత్ తీగను తగిలించుకొని ముందునకు లాగినది. స్తంభము విరిగినది, ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు. కాని స్తంభము ఖరీదంతయు డ్రైవరు జీతమునుండి కోయుటకు నిర్ణయమైనది. "తీగ అంత క్రిందికుంటే నా తప్పేముందయ్యా?" అని అతడు మమ్ము అడిగెను. అతని ప్రశ్న మమ్ము చాలదినములు వెంటాడినది.

తీగ ఎంత ఎత్తున నుండవలెనో చట్టము స్పష్టముగనే చెప్పినది. 1956 నాటి భారత విద్యుత్ నియమావళిలోని 77వ నియమము ప్రకారము, వీధిని అడ్డముగా దాటు తీగ, ఇండ్లకు వెలుగునిచ్చు సామాన్యపు లైనైనచో 5.8 మీటర్లకు, 11 కిలోవోల్టుల లైనైనచో 6.1 మీటర్లకు తగ్గరాదు. 2010లో వచ్చిన కేంద్ర నిబంధనలును ఈ కొలతలనే నిలిపినవి. ఇండ్లకు పోవు సర్వీసు తీగలకును ఇవి వర్తించునని చెప్పినవి. సాధారణ సరుకు లారీ ఎత్తు, బరువుతో సహా, నాలుగు మీటర్లు దాటరాదు. అనగా ఉభయులును చట్టమును పాటించినచో నడుమ దాదాపు రెండు మీటర్ల ఖాళీ యుండవలెను. ఆ ఖాళీని మ్రింగినదెవరు?

మొదటిది ఎండ. అల్యూమినియము వేడికి సాగును. అరువది మీటర్ల దూరమున నున్న రెండు స్తంభముల నడుమ తీగ చలికాలమున 60 సెంటీమీటర్లు వ్రేలాడుచున్నదనుకొందము. వేడి ఇరువదిరెండు డిగ్రీలు పెరిగినచో తీగ పొడవు మూడు సెంటీమీటర్లు మాత్రమే పెరుగును. ఇంతేగదా యనిపించును. కాని, తీగలోని బిగువు మార్పును విడిచి లెక్కించినచో, వ్రేలాడు లోతు సుమారు ఒక మీటరగును! మూడు సెంటీమీటర్ల సాగుదల నలువది సెంటీమీటర్ల దిగుదల యైనది. ఈ సంగతి నెరిగియే లైను వేయువారు వేసవిని లెక్కలోనికి తీసికొనవలెను. రెండవది రోడ్డు. పాత తారుపై క్రొత్త తారు వేసిన ప్రతిసారియు నేల పైకి వచ్చును, స్తంభము మాత్రము ఉన్నచోటనే యుండును. ఒరిగిన స్తంభములు, సడలిన స్టే వైర్లు సరేసరి.

ఇక డ్రైవరుల సంగతి. ఆదోని మార్కెట్టునకు పోవు పత్తి లారీలను చూచినవారికి నాలుగు మీటర్ల నియమమెంత గౌరవము పొందుచున్నదో తెలియును. ఎత్తు మీరిన బరువునకు 2019 సవరణ పిదప ఇరువదివేల రూపాయల జుల్మానా కలదు. బరువు మీరి, తీగయు దిగియున్నచో తప్పు ఇరువురిది. బరువు హద్దులోనుండి తీగ మాత్రమే దిగియున్నచో, తీగ యాజమాన్యమే జవాబుదారి యని మా అభిప్రాయము.

దారిన పోవువానికి హాని కలిగినప్పుడు న్యాయము మరింత కఠినము. మధ్యప్రదేశ్‌లో వానరాత్రి నీటిలో పడియున్న తీగ తగిలి సైకిలుపై పోవు కార్మికుడొకడు మరణించెను. కరెంటు దొంగిలించుటకు పరాయివాడెవడో తీగ లాగెనని విద్యుత్ మండలి వాదించినది. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, అంతటి ప్రమాదకరమైన శక్తిని నడుపువారు, నిర్లక్ష్యము లేకున్నను పరిహారమీయవలసినదే యని తీర్పు చెప్పినది.

ఒక్కమాట. తీగ తగిలినప్పుడు డ్రైవరు బండిలోనే కూర్చుండవలెను. సరఫరా ఆగువరకు దిగరాదు. మంటలు లేచినచో, బండిని నేలను ఏకకాలమున తాకకుండ రెండు కాళ్లు చేర్చి దూకి, కాళ్లు విడదీయక చిన్న గెంతులతో దూరము పోవలెను. ప్రక్కవారెవరును కర్రతో తీగను లేపుటకు పూనుకొనరాదు.

మా వీధిలో సరఫరా ఆపి లైన్‌మాన్ కొలిచినప్పుడు, ప్రక్క స్తంభముల నడుమ నున్న అదే వరుస తీగ 4.6 మీటర్లకే దిగియున్నట్లు తేలినది. గడ్డి మోపు 4.7 మీటర్లని డ్రైవరే ఒప్పుకొనెను. ఈ రెండు అంకెలను వ్రాసి అతని తరఫున మేము దరఖాస్తు పెట్టితిమి. పదిదినములలో తీగను పైకెత్తిరి. జీతపు కోత సగమునకు తగ్గినది. మిగిలిన సగమును అతడు తన తప్పుగనే కట్టుచున్నాడు.