కచ్చురం, టాంగా, బగ్గీ... మన నాయనమ్మలెక్కిన బళ్ళు

ఇప్పుడు జగిత్యాల నుంచి కోరుట్ల పోవాలంటే మనం ఆలోచిస్తామా? చెప్పులేసుకుని బస్సెక్కేస్తాం. మా నాయనమ్మ కాలంలో అలాక్కాదు. ఆడది గడప దాటాలంటే ముందు బండికి తెర కట్టాలి.

ఆవిడది సిరిసిల్ల. కోరుట్ల దగ్గర పల్లెకు కోడలిగా వచ్చింది సవారి కచ్చురంలో. అంటే రెండెడ్ల బండే, కానీ మీద గూడు, చుట్టూ తెర, కింద గడ్డి పరిచి దానిమీద బొంత. కలిగినవాళ్ళ ఆడవాళ్ళకే ఆ మర్యాద. "మర్యాదేంది బిడ్డా, దారంతా ఎడ్ల తోకలే చూసిన" అనేది!

గుర్రపు టాంగా పట్నానిది. దానికి రెండే చక్రాలు, సీట్లు వీపులు ఆనుకునేట్టు ముందొకటి వెనకొకటి. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి గుర్రానికి ఇబ్బంది. అందుకే టాంగావాలా "అమ్మా, జర ముందుకు జరుగుండ్రి" అంటూనే ఉండేవాడట. గుర్రం పక్కచూపులు చూసి బెదరకుండా కళ్ళకు గంతలు, గిట్టలకు నాడాలు. మేతకు ఉడికించిన ఉలవలు. (ఆ ఉలవకట్టుతోనే కదా మనం చారు కాచుకునేది!)

కోస్తావాళ్ళ జట్కా వేరు. అది గూడుబండి, గడ్డిమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. ఇక నాలుగు చక్రాల బగ్గీలు నవాబులవి. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే ఇప్పటికీ చూడొచ్చు. బొంబాయిలో విక్టోరియా బళ్ళని టాపు మడిచే రకం తిరిగేవి. మూగజీవాల అవస్థ చూసి 2015లో అక్కడి హైకోర్టు వాటిని ఆపించింది. మంచిపనే అనిపించింది నాకు.

మా కచ్చురం చెదలు పట్టి నీళ్ళపొయ్యిలోకి పోయింది. ఎడ్ల మెడలో కట్టే ఇత్తడి గజ్జెల పట్ట ఒక్కటే మిగిలితే, నాయనమ్మ ఏటా దసరాకు చింతపండుతో తోమి గూట్లో పెట్టుకునేది. పుట్టింటి గుర్తు మరి. నేను పదో తరగతిలో ఉండగా, అమ్మ ఇంట్లో లేనిరోజు పాత ఇత్తడికి స్టీలు సామానిచ్చేవాడు వచ్చాడు. మురిసిపోయి గజ్జెలిచ్చి గిన్నె తీసుకున్నాను.

దసరాకు నాయనమ్మ వెతుక్కుంది. "అటకమీదుందే" అన్నాను. ఒక్కసారి నా మొహంలోకి చూసి, పక్కనున్న కొత్త గిన్నె చూసింది. మళ్ళీ అడగలేదు.

ఆ గిన్నె నాతోపాటే అత్తారింటికి వచ్చింది. రోజూ బియ్యం కడిగేది దాంట్లోనే.