అంతర్జాలంలో దూరదర్శనం

ఒక కార్యక్రమాన్ని ఏ వేళ చూడాలో నిర్ణయించే అధికారం చాలాకాలం ప్రసార కేంద్రానికే ఉండేది. మన దేశంలో 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజన్ ప్రసారాలు ప్రయోగాత్మకంగా ప్రారంభమయ్యాయి. 1975 - 76 సంవత్సరాలలో ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు విద్యా విజ్ఞాన కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. 1987లో 'రామాయణ్' ధారావాహిక ఆరంభమైన తరువాత ఆదివారం ఉదయం వీధులు నిర్మానుష్యంగా కనిపించేవి. ఆ వేళకు ఇంట లేనివారికి, విద్యుత్తు పోయినవారికి ఆ భాగం దక్కనట్లే.

అంతర్జాలం ఈ పరిస్థితిని సమూలంగా మార్చివేసింది. వంతు వచ్చినప్పుడే పొలానికి మళ్లించుకోవలసిన కాలువ నీటి వంటిది పూర్వపు ప్రసారం. అవసరమైనప్పుడు తోడుకొనే బావి నీటి వంటిది అంతర్జాల ప్రసారం. ఈ విధానాన్నే 'స్ట్రీమింగ్' అంటారు. ఇందులో ముందుగా దృశ్యాన్ని, శబ్దాన్ని కుదించి, కొన్ని సెకన్ల నిడివి గల చిన్నచిన్న ఖండాలుగా విభజిస్తారు. ఒక్కొక్క ఖండాన్ని భిన్నమైన స్పష్టతలలో సిద్ధపరచి సర్వర్లలో భద్రపరుస్తారు. ప్రేక్షకుడు కోరిన వెంటనే ఆ ఖండాలు వరుసగా అతని ఫోనుకో, కంప్యూటరుకో చేరుతాయి. ఒక ఖండాన్ని చూస్తుండగానే తరువాతివి వచ్చి నిలువ ఉంటాయి. అంతర్జాల వేగం తగ్గితే తక్కువ స్పష్టత గల ఖండాలు వస్తాయి. అందుకే ఒక్కొక్కసారి బొమ్మ మసకబారినా కథ ఆగదు. నిలువ కూడా నిండుకున్నప్పుడు మాత్రమే బొమ్మ నిలిచిపోతుంది.

2005లో యూట్యూబ్ ఆవిర్భవించింది. 2007లో అమెరికాలో నెట్‌ఫ్లిక్స్, బ్రిటన్‌లో బీబీసీ ఈ తరహా సేవలను ఆరంభించాయి. మన దేశంలో 2015లో హాట్‌స్టార్, 2016లో నెట్‌ఫ్లిక్స్ అడుగుపెట్టాయి. 2016లోనే 4జీ సేవల మధ్య పోటీ పెరిగి డేటా చౌక కావడంతో సామాన్యుని సెల్‌ఫోనే టెలివిజన్‌గా మారింది. 2020లో తెలుగు కార్యక్రమాల కోసమే 'ఆహా' వెలసింది. 2024 నవంబరులో ప్రసార భారతి 'వేవ్స్' అనే వేదికను ప్రారంభించింది. ఒకప్పుడు స్వదేశం నుంచి వచ్చే వీడియో క్యాసెట్ల కోసం ఎదురుచూసిన ప్రవాసాంధ్రులు నేడు తెలుగు కార్యక్రమాలను తమ ఇంటనే చూడగలుగుతున్నారు.

కోరిన కార్యక్రమాన్ని చూడటానికి న్యాయమైన మార్గాలు అనేకం ఉన్నాయి. ప్రసార సంస్థల సొంత వెబ్‌సైట్లు, యాప్‌లు మొదటివి. యూట్యూబ్‌లో ఆ సంస్థలే నిర్వహించే ఛానళ్లలో అనేక కార్యక్రమాలు ప్రకటనలతో ఉచితంగా లభిస్తాయి. చందా చెల్లించి చూసే సేవలు మరికొన్ని. 'స్వయంప్రభ' పాఠాలను విద్యార్థులు అంతర్జాలంలోనూ చూడవచ్చు. అయితే అన్నీ అంతటా లభించవు. ప్రసార హక్కులను దేశాల వారీగా, నిర్ణీత కాలానికి విక్రయిస్తారు. కనుక ఒక దేశంలో కనిపించే ధారావాహిక మరొక దేశంలో కనిపించకపోవచ్చు. నిన్న ఉన్నది గడువు ముగిసి నేడు మాయం కావచ్చు.

ఈ పరిమితులను చూసి కొందరు దొంగదారులు తొక్కుతారు. 'ఊరికే వస్తే మావాడు మరొకడున్నాడు' అనే సామెత ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది. ఒక ధారావాహిక వెనుక రచయిత, నటులు, ఛాయాగ్రాహకుడు, కూర్పరి మొదలుకొని దీపాలు మోసే కార్మికుని వరకు ఎందరి శ్రమో దాగి ఉంటుంది. అనుమతి లేని ప్రతులు ఆ శ్రమకు రావలసిన ఫలాన్ని హరిస్తాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం తెలిసి చేసే హక్కుల ఉల్లంఘన శిక్షార్హమైన నేరం. దీనికి మూడేళ్ల వరకు కారాగారవాసం విధించవచ్చు. అంతేకాదు, అటువంటి వెబ్‌సైట్ల ద్వారా వైరస్‌లు చొరబడి బ్యాంకు వివరాలు, రహస్య సంకేతపదాలు అపహరణకు గురయ్యే ప్రమాదం ఉంది. ఉచితమనుకున్నదే చివరకు ఎక్కువ ఖరీదు కావచ్చు.

న్యాయమైన మార్గంలో చూసేటప్పుడు సైతం వివేచన అవసరం. సాధారణ స్పష్టతతో చూస్తే గంటకు సుమారు 1 గిగాబైటు, అధిక స్పష్టతతో చూస్తే 3 గిగాబైట్ల వరకు డేటా ఖర్చవుతుంది. 2021 నాటి నిబంధనల మేరకు ప్రతి కార్యక్రమానికి వయోపరిమితి సూచన ఉంటుంది. దానిని గమనించి పాటించాలి. అన్నిటికంటే విలువైనది కాలం. ఒక భాగం ముగిసీ ముగియకముందే తరువాతి భాగం దానంతట అదే మొదలవుతుంది. పూర్వం కార్యక్రమం ముగియగానే ప్రేక్షకుడు లేచి తన పని చూసుకొనేవాడు. ఇప్పుడు లేవవలసిన క్షణాన్ని అతడే నిర్ణయించుకోవాలి. ప్రసార కేంద్రం నుంచి ప్రేక్షకుని చేతికి వచ్చిన గడియారం, అతడు ఏమరుపాటుగా ఉంటే యంత్రం చేతికి వెళ్లిపోతుంది. స్వయంచాలకంగా సాగే ఈ ఏర్పాటును నిలిపివేసే సదుపాయం చాలా సేవలలో ఉంది.

ఏది చూడాలో, ఏ మార్గంలో చూడాలో, ఎప్పుడు ఆపాలో తెలుసుకొన్న ప్రేక్షకుడే అంతర్జాలం ప్రసాదించిన ఈ స్వేచ్ఛకు నిజమైన యజమాని.