నొప్పి తెలియని చెయ్యి

పొయ్యి మీద కాగిన గిన్నెకు వేలు తగిలిందనుకోండి. "అమ్మో" అని మనం అనేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. వేడిని మొదట పసిగట్టేది చర్మంలోని సన్నని నరాల కొనలు. అక్కడినుండి కబురు వెన్నుపాముకు చేరుతుంది. వెన్నుపాము మెదడు అనుమతి కోసం కాచుకొని ఉండదు; తానే కండరాలకు ఆజ్ఞ ఇచ్చి చేతిని లాగిస్తుంది. ఆ కబురు మెదడుకు అందిన తరువాత గాని మనకు మంట తెలియదు.

ఆ నరాల కొనలలో, వేడి సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే తెరుచుకునే అతి చిన్న ద్వారాలున్నాయి. మిరపకాయలోని కాప్సేసిన్ కూడా వాటినే తెరుస్తుందని 1997లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ బృందం కనుగొన్నది. 2021లో ఆయన మరొకరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. గుంటూరు మిరపకాయ కొరికి నోరు కాలిపోతోందంటాము. నరానికి అది నిజంగా కాలడమే!

మరి ఈ కబురు తెగిపోతే? నొప్పి లేకపోతే హాయే గదా అనిపిస్తుంది. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ అందుకు పూర్తిగా విరుద్ధమైనది చూశారు. ఆయన మిషనరీ దంపతుల కుమారుడు, నేటి తమిళనాడులోని కొల్లి కొండలలో 1914లో పుట్టినవాడు. కుష్ఠు రోగుల వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని ఆ రోజులలో వైద్యులు సైతం నమ్మేవారు. ఒకనాడు ఆయన తుప్పు పట్టిన తాళాన్ని తెరవలేక అవస్థ పడుతుండగా, పదేళ్ల రోగి ఒకడు వచ్చి తాళంచెవిని ఇట్టే తిప్పేశాడు. తీరా చూస్తే వాని వేలు ఎముక కనబడేంతగా తెగి నెత్తురు కారుతోంది. వానికి ఆ సంగతే తెలియదు. ఆ బాలునికి లేనిది నీరసం కాదు, "ఇక ఆపు" అని చెప్పే నొప్పి.

కొందరి వేళ్లు రాత్రికి రాత్రే మాయమయ్యేవి. కాపలా కాసి చూస్తే ఎలుకలు! కొరుకుతున్నా రోగికి మెలకువ రాలేదు. అప్పటినుండి ఇంటికి వెళ్లే రోగులతో ఒక పిల్లిని కూడా పంపేవారట. వ్యాధిక్రిమి పాడుచేసేది నరాన్ని. చేతులను, కాళ్లను పాడుచేసేవి చాలావరకు నిప్పు, మేకులు, బిగుతు చెప్పులు, పట్టించుకోని పుండ్లే.

1966లో అమెరికా వెళ్లిన తరువాత ఆయన బృందం యంత్రంతో నొప్పిని తయారు చేయాలని చూసింది. చేతి తొడుగులలో అమర్చిన పరికరాలు, ఒత్తిడి మించితే శబ్దం చేసేవి. రోగులు లెక్కచేయలేదు. విద్యుత్తు షాకు పెడితే, మీట ఆపివేసి పని కానిచ్చుకున్నారు. ఆ మీట మన చేతిలో ఉంటే మనమూ అదే చేసేవారమేమో.

మేము ఇదంతా రాయడానికి కారణముంది. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనబడితే సిగ్గుపడి దాచవద్దు. ప్రభుత్వ ఆసుపత్రులలో కుష్ఠుకు 6 నుండి 12 నెలల మందులు ఉచితంగా ఇస్తారు. త్వరగా మొదలుపెడితే నరాలు నిలుస్తాయి. ఆలస్యమైతే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

షుగరు వ్యాధి కూడా పాదాల నరాలను ఇలాగే మొద్దుబారుస్తుంది. అటువంటివారు వేడినీళ్లలో కాలు పెట్టి చూడకూడదు, చెప్పులు దులిపి తొడుక్కోవాలి, రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. చూపు ఆనని పెద్దవారికైతే ఇంట్లో కొడుకో కోడలో మనుమరాలో దీపం దగ్గర కూర్చుని చూసిపెట్టాలి.